లిఫ్టాయన రెండో శనివారం

లిఫ్టు ఆగిపోయిన భవనంలో మెట్లెక్కక తప్పనివాడు ఒక్కడే ఉంటాడు, దాన్ని బాగుచేయడానికి వచ్చినవాడు. మిగతా జనం కింద నిలబడి ఫోన్లు చూసుకుంటూ, మధ్యమధ్యలో తలెత్తి తిట్టుకుంటూ కాలక్షేపం చేస్తారు. ఇరవై ఆరేళ్ళు అలా ఎక్కీ దిగీ ఆయన మోకాళ్ళు అరిగిపోయాయి. అసలు పేరు కూడా అలాగే అరిగిపోయింది. ఆఫీసులో లిఫ్టాయన, వీధిలో లిఫ్టాయన, చివరికి భార్య కూడా పక్కింటివాళ్ళతో "మా లిఫ్టాయన ఇంకా రాలేదు" అనే చెబుతుంది.

ఆ రెండో శనివారం ఒంటిపూట డ్యూటీ. పనిముట్ల సంచి సర్దుకుని బయటపడబోతుంటే ఫోను మోగింది. పదకొండంతస్తుల భవనంలో ఏడుకీ ఎనిమిదికీ మధ్య లిఫ్టు ఇరుక్కుంది, లోపల ఒకావిడ ఉంది. ఎక్కాడు. ఐదో అంతస్తులో ఒకసారి, ఏడో అంతస్తులో ఒకసారి గోడకు చెయ్యి ఆనించి ఊపిరి తీసుకున్నాడు. పైనుంచి ఆవిడ గొంతు వినిపిస్తూనే ఉంది.

"అరగంట నుంచి తలుపు కొడుతున్నాను! చెవుడా మీకందరికీ?"

"వచ్చేశానమ్మా, కంగారుపడకండి. కబురొచ్చి పదిహేను నిమిషాలేగా అయింది."

"పదిహేనా? లోపల కూర్చుని చెప్పండి ఆ మాట!"

ఆయన ఎనిమిదో అంతస్తుకి ఎక్కాడు. తలుపు తీసి, చెయ్యి పట్టి ఆవిణ్ణి పైకి లాగాడు. ఆవిడ చీర దులుపుకుని, సంచిలో కూరగాయలు సరిచూసుకుని, థాంక్సు అయినా అనకుండా మెట్ల మీదుగా వెళ్ళిపోయింది. ఆయనకేం కొత్త కాదు. తాడు చూసి, బ్రేకు చూసి, బోర్డు మార్చి కిందికి దిగేసరికి మూడు దాటింది. భార్య ఫోను చేసింది.

"ఏమండీ, ఈ పూటైనా ఇంటికొచ్చి నడుం వాలుస్తారా లేదా?"

"రెండో శనివారం కదే."

"ఆ బ్రాకెట్ల గోల మానరన్నమాట. జనం శనివారం అయితే పడుకుంటారు, పిల్లాపాపల్తో షికారు పోతారు. మీరు పోయి ఎవరికీ అర్థం కాని భాష ఒప్పజెప్పుకుంటారు."

"ఆరింటికల్లా వచ్చేస్తా."

"వచ్చి మాత్రం ఏం చేస్తారు, బల్లమీద తలపెట్టి గురకపెడతారు. పెట్టేస్తున్నా."

ఆవిడ మాటలో అబద్ధం లేదు. ఆ భాష నోటితో ఎవరూ మాట్లాడేది కాదు. యంత్రానికి ఇది చెయ్యి, అది చెయ్యి అని చెప్పడానికి ఎప్పుడో ఎవరో కనిపెట్టిన భాష. ఇప్పుడు ఉద్యోగాల కోసం కుర్రకారు నేర్చుకునేవి వేరే ఉన్నాయి, దీని మొహం చూసేవాళ్ళు లేరు. ఇందులో ఏ మాట రాసినా బ్రాకెట్‌లో పెట్టాలి, ఆ బ్రాకెట్‌ను ఇంకో బ్రాకెట్‌లో పెట్టాలి, తెరిచినవన్నీ ఎక్కడో ఒకచోట మూయాలి. ఒక్కటి ఎక్కువైనా తక్కువైనా యంత్రం మొండికేస్తుంది.

పదకొండేళ్ళ కిందట లిఫ్టుల్లోకి కంప్యూటరు బోర్డులు వచ్చినప్పుడు కంపెనీ ఆయన్ని శిక్షణకు పంపింది. పదిహేను రోజులు కూర్చున్నాడు, ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. ఉద్యోగం ఊడుతుందని బెంగపెట్టుకుని తిరుగుతుంటే, లైబ్రరీ గోడ మీద ఒక కాగితం కనిపించింది. కంప్యూటరు భాష సరదాగా నేర్చుకోవాలనుకునేవాళ్ళు నెలకోసారి రావచ్చని రాసి ఉంది. వెళ్ళాడు. అక్కడ మాస్టారున్నారు. కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఆయన ఈయన్ని ఒకే ఒక్క ప్రశ్న అడిగారు.

"ఒకేసారి నాలుగంతస్తుల్లో నలుగురు బొత్తాం నొక్కితే, నువ్వే లిఫ్టువైతే ముందు ఎవరి దగ్గరికి వెళ్తావోయ్?"

ఆ ప్రశ్నకు జవాబు ఆ బ్రాకెట్లలో రాస్తూ రాస్తూ పదకొండేళ్ళు గడిపాడు. యంత్రం లోపల ఒక ఉత్తుత్తి భవనం, అందులో ఒక ఉత్తుత్తి లిఫ్టు. ఎవర్నీ ఎక్కువసేపు నిలబెట్టకుండా తిరగాలి. అంతే ఆయన కోరిక. బోర్డుల పని ఎప్పుడో వచ్చేసింది, ఉద్యోగం నిలిచింది, ఇది మాత్రం వదల్లేదు.

అప్పట్లో గది నిండా పద్దెనిమిది మంది ఉండేవాళ్ళు. ఒకరు బదిలీ అయ్యారు, ఒకరికి మనవలు పుట్టారు, కొందరికి ఊరికే విసుగొచ్చింది. ఐదుగురు మిగిలారు. మాస్టారు, లిఫ్టాయన, మందుల షాపావిడ, పళ్ళ డాక్టరు, కోర్టులో టైపిస్టు. లైబ్రరీవాళ్ళ నియమం ఒకటుంది. కనీసం ఐదుగురు రావాలి. వరసగా మూడు నెలలు ఐదుకు తగ్గితే గది ఇంకొకరికి ఇచ్చేస్తారు. అందుకని జ్వరమొచ్చినా, చుట్టాలొచ్చినా ఐదుగురూ వస్తున్నారు. వాళ్ళను కూడగట్టే పని కన్వీనరుగా లిఫ్టాయన నెత్తిన పడింది. శుక్రవారం నాడు అందరికీ ఫోన్లు చెయ్యాలి, బతిమాలాలి, గది తెరవాలి, కుర్చీలు వెయ్యాలి, చివర తుడవాలి. ఈ మధ్య ఒక్కోసారి ఆయనకే అనిపించేది, ఆ గదికి ఎవరైనా తాళం వేస్తే హాయిగా నెలకొక్క మధ్యాహ్నం పడుకోవచ్చు కదా అని. అనుకుని, వెంటనే మాస్టారు గుర్తొచ్చి, చెంపలేసుకునేవాడు.

మాస్టారికి ఐదేళ్ళ నుంచి చూపు లేదు. వెలుతురు, నీడ, అంతే. అక్షరం కనపడదు. అందుకని వీళ్ళొక పద్ధతి పెట్టుకున్నారు. ఒక్కో నెల ఒకరు తాము రాసింది తెస్తారు. మిగతావాళ్ళు ఒక్కో వరసా పైకి చదువుతారు. బ్రాకెట్ వచ్చిన చోట "తెరువు", అయిపోయిన చోట "మూయి" అంటారు. మాస్టారు కళ్ళు మూసుకుని, తెరువు అన్నప్పుడు ఒక వేలు మడుస్తారు, మూయి అన్నప్పుడు విప్పుతారు. చదవడం అయ్యేదాకా రాసినవాడు నోరెత్తకూడదు. నెలంతా చీకట్లో కూర్చునే మనిషికి ఆ మూడు గంటలూ కళ్ళొచ్చినట్టే ఉండేది. లిఫ్టాయన వంతు నాలుగు నెలలకోసారి వస్తుంది. ఆ శనివారం ఆయనదే.

లైబ్రరీకి చేరేసరికి మూడున్నర దాటింది. వరండాలో పన్నెండు కుట్టుమిషన్లు వరసగా పెట్టి ఉన్నాయి, అట్టలు కూడా విప్పలేదు. ఎవరివో అనుకుంటూ గది దగ్గరికి వెళితే తలుపు మీద నోటీసు. వచ్చే నెల నుంచి ఈ గదిని కుట్టు శిక్షణ తరగతికి కేటాయించడమైనది, ఇప్పటిదాకా వాడుకుంటున్న బృందం మూడు నెలలుగా కనీస హాజరు చూపనందున. రెండుసార్లు చదివాడు. లోపల నుంచి అరుపులు వినపడుతున్నాయి.

"నేను రాలేదా? నూట రెండు జ్వరంతో వచ్చి కూర్చున్నానండీ! ఆ మూల, దుప్పటి కప్పుకుని!" మందుల షాపావిడ గొంతు.

"మీరొచ్చారు. నేనూ వచ్చాను. మరి రానిదెవరు?" అంటున్నాడు టైపిస్టు. "డాక్టరుగారు పోయిన నెల మధ్యలో లేచి వెళ్ళిపోయారు."

"ఎవడిదో పన్ను విరిగిందంటే వెళ్ళానయ్యా! సంతకం పెట్టాకే వెళ్ళాను. నువ్వు ప్రతిసారీ ఆలస్యంగా వస్తావు కదా, నీ సంతకం ఉందో లేదో చూసుకో ముందు."

"నన్నంటారేంటండీ?"

లిఫ్టాయన లోపలికి వెళ్ళేసరికి ముగ్గురూ ఒక్కసారి ఆయన మీద పడ్డారు. "మీరు కన్వీనరు కదా, ఏం చేస్తున్నారు ఇన్నాళ్ళూ?" మాస్టారు మాత్రం బల్ల చివర, చేతికర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకుని, గొంతులు వచ్చిన వైపల్లా మొహం తిప్పుతున్నారు.

"మూడు నెలలూ ఐదుగురం ఉన్నాం," అన్నాడు లిఫ్టాయన. "నేనే కదా రిజిస్టరు రాసేది. ఉండండి, అడిగొస్తా."

నాలుగు నెలల కిందటే బదిలీ మీద వచ్చింది లైబ్రేరియన్. మాటా పనీ నిక్కచ్చిగా ఉండే మనిషి. అడగ్గానే రిజిస్టరు చంకన పెట్టుకుని వచ్చి, బల్ల మీద తెరిచి, వేలు పెట్టి చూపించింది.

"చూడండి సార్. పోయిన నెల చివరి నంబరు నాలుగు. ఆ ముందు నెల నాలుగు. ఆ ముందు నెలా నాలుగే. నాలుగని రాసి పైకి పంపాను. కింద సంతకం మీదే."

నిజమే. మూడు కాగితాల మీదా ఆయన సంతకమే. సాయంత్రం చీపురు మూలన పెట్టి, సంచి భుజానికి తగిలించుకుని, ఏం రాసుందో చూడకుండా గీకేసిన సంతకం.

లిఫ్టాయన వేలు మెల్లగా పేజీ పైకి వెళ్ళింది. మొదటి పేరు మాస్టారిది. దాని పక్కన సున్నా. తర్వాత మందుల షాపావిడ, ఒకటి. డాక్టరు, రెండు. తాను, మూడు. టైపిస్టు, నాలుగు.

ఆ భాషలో వరసలో మొదటి దాని నంబరు సున్నా. ఒకటి అంటే రెండోది. మొదట్లో మాస్టారు సరదాగా రిజిస్టరు కూడా సున్నా నుంచే మొదలుపెట్టమన్నారు. అందరికంటే ముందొచ్చినవాళ్ళకి సున్నా నంబరు, అదొక గౌరవం. దానికోసం పోటీలు పడి పొద్దున్నే వచ్చిన రోజులున్నాయి. పాత లైబ్రేరియన్‌కు ఈ సంగతి తెలుసు. ఆయన వెళ్తూ వెళ్తూ చెప్పలేదు, వీళ్ళకు చెప్పాలని తోచలేదు. పదకొండేళ్ళు రాసిన చేతికి అది వింతగా కనిపించడం ఎప్పుడో మానేసింది.

 మందుల షాపావిడే ముందు తేరుకుంది.

"సంతకాలెన్నో లెక్కపెట్టలేదా అమ్మా నువ్వు?"

"నంబర్లు వేసి ఉంటే మళ్ళీ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటామా అండీ? లోకంలో ఎవరైనా ఒకటి నుంచే కదా మొదలుపెట్టేది!"

"మేం లోకంలో లెక్క కాదమ్మా," అన్నాడు డాక్టరు. ఎవరికీ నవ్వు రాలేదు.

లైబ్రేరియన్ మనసు మెత్తబడింది. "తప్పు జరిగిందని పైకి రాస్తాను. కానీ సార్, గది మాటైతే ఇక కుదరదు. ఇరవై నాలుగు మంది ఆడవాళ్ళు పేర్లు రాయించుకున్నారు. మిషన్లు దిగిపోయాయి. ఒకటో తేదీ నుంచి మొదలు. వద్దు, వెళ్ళిపోండని వాళ్ళకి మీరు చెప్తారా?"

లిఫ్టాయన వరండా వైపు చూశాడు. చెప్పలేడు.

"పేపర్లు చదివే హాల్లో మూలన ఒక బల్ల ఉంది. అక్కడ ఎన్ని గంటలైనా కూర్చోండి, నేనేమనను. కాకపోతే అక్కడ మాట్లాడకూడదు."

"మాట్లాడకపోతే ఈయనకెలా తల్లీ?" అన్నాడు టైపిస్టు, మాస్టారి వైపు చూపించి. ఆమె నాలుక్కరుచుకుంది. రిజిస్టరు మూసి వెళ్ళిపోయింది.

ఇక ఎవరింట్లో కలుద్దామన్న మాట వచ్చింది. లిఫ్టాయన ఇల్లు మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఆ మాటకు డాక్టరు నోరు తెరవబోతే మందుల షాపావిడ కళ్ళెర్రజేసింది. డాక్టరు క్లినిక్‌లో శనివారం పళ్ళు తొలిచే మిషను రొదలో సొంత మాటే సొంత చెవికి వినపడదు. మందుల షాపులో నిలబడ్డానికే చోటుండదు. టైపిస్టు అన్నగారింట్లో ఒక గదిలో సర్దుకుంటున్నాడు. మాస్టారిల్లు రెండు వీధుల అవతలే, నేల మీదే. కానీ ఆ ఇంటి గుమ్మంలో వాళ్ళ కోడలు నిలబడి చూసే చూపుకు ఈ ఐదేళ్ళలో ఒక్కరూ గడప దాటింది లేదు. మాస్టారు ఉండగా ఆ పేరెత్తడానికి ఎవరికీ నోరు రాలేదు.

లిఫ్టాయన కుర్చీలో కూలబడ్డాడు. తాళం పడాలని తనే కదా అనుకున్నాడు. తన చేత్తోనే వేయించుకున్నాడు. మరి ఒళ్ళు తేలికపడాలి కదా! ఎనిమిదంతస్తులు ఎక్కినప్పుడు కూడా ఇంత బరువు లేదు.

"సరే," అన్నారు మాస్టారు. "గది వచ్చే నెల కదా పోయేది. ఈ పూట ఉందిగా. చదవండి."

"ఇప్పుడేం చదువుతాం మాస్టారూ?"

"నెల రోజుల నుంచి కాచుకుని కూర్చున్నానయ్యా. చదువు."

ప్రొజెక్టరు పెట్టారు. గోడ మీద లిఫ్టాయన రాసింది వెలిగింది. డాక్టరు మొదలుపెట్టాడు.

"తెరువు... తెరువు... మూయి... పొద్దున్నుంచి క్లినిక్‌లో ఇదే మాట, ఇక్కడికొచ్చినా ఇదే మాట. తెరువు..."

"చదవవయ్యా బాబూ," అంది మందుల షాపావిడ, కాసేపటికి తనే అందుకుంది. తర్వాత టైపిస్టు. మాస్టారి వేళ్ళు మడుచుకుంటూ, విచ్చుకుంటూ ఉన్నాయి. లిఫ్టాయన నోరు బిగించుకుని కూర్చున్నాడు. నాలుగు నెలల నుంచి ఆ ఉత్తుత్తి లిఫ్టు ఒక తిక్క పని చేస్తోంది. కింది అంతస్తులు హడావుడిగా ఉంటే పదో అంతస్తు మనిషిని అసలు పట్టించుకోదు. ఎంతసేపైనా నిలబెడుతుంది. ఎందుకో ఆయనకు అంతుచిక్కలేదు.

మూడో పేజీ మధ్యలో మాస్టారు చెయ్యెత్తారు.

"అక్కడాగు. వెనక వరస మళ్ళీ."

టైపిస్టు మళ్ళీ చదివాడు. మాస్టారు తన వేళ్ళను తనే తడుముకున్నారు.

"ఎవరు ఎక్కువసేపు నిలబడ్డారో చూసే మాట ఇప్పుడొచ్చింది. కానీ నాకింకా ఒక వేలు మడిచే ఉందయ్యా. అంటే, లిఫ్టు ఖాళీగా ఉన్నప్పుడు అన్న బ్రాకెట్ ఇంకా మూయలేదు. పనేమీ లేక ఊరికే ఆగినప్పుడే నీ లిఫ్టుకి పాత పిలుపులు గుర్తొస్తాయి. హడావుడిలో ఉన్నదానికి ఖాళీ ఎప్పుడొస్తుంది?"

టైపిస్టు గోడ దగ్గరికి వెళ్ళి వేలితో లెక్కపెట్టాడు. "నిజమేనండోయ్. ఆ మూయి పై వరసలో ఉండాలి."

ఒక్క బ్రాకెట్ జరిపారు. నడిపించి చూశారు. పదో అంతస్తు మనిషి దగ్గరికి లిఫ్టు వెళ్ళి ఆగింది. మందుల షాపావిడ చప్పట్లు కొట్టింది. లిఫ్టాయనకు ఇక మాట్లాడే హక్కు వచ్చింది. అయినా గోడ మీద లిఫ్టు చుక్క పైకీ కిందికీ తిరుగుతుంటే చూస్తూ ఉండిపోయాడు.

కుర్చీలు సర్దారు. ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు, వచ్చే నెల సంగతి ఎవరూ ఎత్తలేదు. మాస్టారి చెయ్యి పట్టుకుని లిఫ్టాయన బయల్దేరాడు. రెండు వీధులు, ఇద్దరివీ కుంటికాళ్ళే.

"బాధపడకోయ్," అన్నారు మాస్టారు. "సున్నా పెట్టమన్నది నేనే కదా."

"సంతకం పెట్టింది నేను."

"ఇద్దరం కలిసి తగలేశాం అయితే. పోనీలే. నాకూ ఓపిక అయిపోతోంది." కర్రతో రోడ్డు అంచు తడిమారు. "ఇంట్లో ఒక్కణ్ణే కూర్చుని మనసులో రాసుకుంటాలే. తప్పులు చెప్పడానికి ఎవరూ ఉండరు, అంతే."

గుమ్మంలో కోడలు నిలబడే ఉంది. ఎప్పటి చూపే. మామగారిని లోపల కుర్చీలో కూర్చోబెట్టి బయటికొచ్చి, లిఫ్టాయన ఇంకా అక్కడే నీళ్ళు నములుతూ ఉండటం చూసింది.

"ఏమైంది అన్నయ్యా? ఇద్దరి మొహాలూ అలా వేలాడుతున్నాయేం?"

చెప్పాడు. నంబర్లు, నోటీసు, కుట్టుమిషన్లు, అంతా. ఆమె విని, మెట్టు మీద కూర్చుండిపోయింది.

"అయితే రెండో శనివారం ఇక లేదా?"

"లేదమ్మా."

"నాకూ లేదన్నమాట." కొంగుతో మెడ తుడుచుకుంది. "మీకేం తెలుస్తుంది. రెండు గంటలకోసారి కళ్ళల్లో చుక్కలు. బాత్రూముకి చెయ్యి పట్టుకెళ్ళాలి. చెప్పిందే చెప్పాలి. మా ఆయన లారీ మీద వెళ్తే వారానికి గానీ రారు. నెలంతా చూసుకునేది ఆ మూడు గంటల కోసం. ఏమీ చెయ్యను, తలుపేసుకుని పడుకుంటా. మీరు తీసుకొచ్చేసరికి లేచి రావాలంటే ఏడుపొస్తుంది."

లిఫ్టాయన ఆమె మొహం వైపు చూశాడు. కళ్ళ కింద నల్లటి గుంటలు. అది నిద్రలోంచి లేచొచ్చిన చూపని ఇన్నేళ్ళూ ఎవరికీ తట్టలేదు.

"ముందు గది ఇస్తాను," అంది ఆమె. "ఇక్కడే పెట్టుకోండి మీ అరుపులూ కేకలూ. కానీ నేను ఇంట్లో ఉండను. అదొక్కటే నా షరతు. మా అక్కింటికి వెళ్ళిపోతా. మీరు ఒంటిగంటకి రావాలి, నేను ఏడింటికి వస్తా. ఆ ఆరు గంటలూ ఆయన్ని చూసుకోవాల్సింది మీరు. మధ్యలో వదిలి వెళ్ళకూడదు."

ఆరు గంటలు. డ్యూటీ నుంచి నేరుగా రావాలి. భార్య అనబోయే మాటలు అప్పుడే చెవిలో మోగాయి. 

"సరేనమ్మా," అని, వెంటనే, "మరి ఎక్కడైనా లిఫ్టులో ఎవరైనా ఇరుక్కున్నారని ఫోనొస్తే?" అన్నాడు.

"వాళ్ళకి ఆ ఒక్క రోజూ ఇంకొకరు వెళ్తారు. ఆఫీసులో మీరొక్కరేనా? నాకెవరొస్తారు అన్నయ్యా?"

ఆయన ఫోను తీసి చేతిలో తిప్పాడు. ఆ ఒక్క శనివారం నన్ను పిలవొద్దని ఇరవై ఆరేళ్ళలో ఆఫీసుకు ఎప్పుడూ చెప్పలేదు. అక్కడే నిలబడి ఫోను చేసి చెప్పాడు. అవతలివాడు గొణిగాడు, విసుక్కున్నాడు, చివరికి ఊ అన్నాడు.

"అయితే లోపలికి రండి," అంది కోడలు లేస్తూ. "చుక్కలు వెయ్యడం వచ్చా మీకు?"

"రాదు."

"చేతులు కడుక్కోండి ముందు. సబ్బుతో. ఆ గ్రీజు పోవాలి."

రెండుసార్లు కడుక్కున్నాడు. మాస్టారు కుర్చీలో తల వెనక్కి వాల్చారు. లిఫ్టాయన సీసా పట్టుకుని వంగాడు. రెండో చెయ్యి మాస్టారి నుదుటి మీద ఆనించాడు. మొదటి చుక్క చెంప మీద పడింది.

"ఎవరిదోయ్ ఈ చెయ్యి, ఇంత బరువుగా ఉంది?"

"నాదే మాస్టారూ. వచ్చే నెల నుంచి ఇక్కడే కలుస్తాం. కదలకండి."

మాస్టారు కదల్లేదు. రెండోది కనుబొమ్మ మీద పడింది. కోడలు ఆయన మణికట్టు పట్టుకుని కొంచెం కిందికి దించి, మాస్టారి కింది రెప్ప లాగి పట్టుకుంది.

"గుచ్చినట్టు పెట్టకండి. ఊరికే నొక్కండి. ఇప్పుడు."

నొక్కాడు. చుక్క కంట్లో పడింది.

"ఆఁ, అలాగే," అంది ఆమె. "ఇప్పుడా రెండో కన్ను. ఈసారి నేను పట్టుకోను."